పీత బొరియలో చీమగుడ్డు

ఈ కథ నాకు మొదట చెప్పింది బాతులు కాసే గంటా సోమయ్య.

నీరూరుతున్న పీత బొరియలో చీమగుడ్డు పడింది. గండుచీమ అంచు పట్టుకుని వేలాడింది. దాని కాలు ఇంకోటి, దాని కాలు మరోటి పట్టుకుంటూ దిగాయి. అడుగునుంచి "అందింది" అన్న మాట ఒక్కొక్కరినీ దాటి పైకొచ్చేదాకా ఎవరూ వదలకూడదు. బరువంతా గండుచీమ నడుం మీదే.

"దారం దించనా వదినా?" అంది బొరియ అంచున గూడు కట్టుకున్న సాలీడు.

"అడగందే పోగు తియ్యవు, సోమరిదానా! పో!" అంది గండుచీమ.

"అడిగినంతే తీస్తా. మిగతాది పొట్టలోనే ఉంటుంది."

ఇంతలో గండుచీమ పట్టు జారి గొలుసంతా నీళ్లలో పడింది. సాలీడు దారం వదిలింది.

"ఇంకో జానెడు, వదినా!" అని గండుచీమే బతిమాలింది. అడిగినకొద్దీ దారం దిగింది. గుడ్డుతో సహా అందరూ పైకొచ్చారు.

గొలుసే గుడ్డు తెచ్చిందని చీమలు ఇప్పటికీ చెప్పుకుంటున్నాయి. చదువుకున్నవాళ్లెవరైనా ఆ మాట దిద్దండయ్యా.