రేవులో లేని దోనె

"అప్పుడే వచ్చేశారా!" అన్నారు నరసరాజుగారు, కోర్టు ఉత్తర్వులు అమలుచేసే అమీనా అబ్దుల్ జబ్బారు తన రేవులో పడవ దిగగానే.

దోనె తగాదాలో మొహిద్దీన్ సాహెబు మధ్యవర్తిగా తీర్పు చెప్పి నెల తిరగలేదు. ఆ తీర్పు ఏలూరు మునసబు కోర్టులో దాఖలై, డిక్రీ అయి, వారంటై, కొల్లేటి గట్టుదాకా వచ్చేసింది. 1936లో అంత చురుగ్గా నడిచిన కాగితం ఇంకోటి ఉండదేమో!

"కోర్టంటే మనవల కాలానికి గాని తేలదనుకున్నానండీ," అన్నారు రాజుగారు దిగులుగా.

"ఇద్దరూ ఒప్పుకుని పెట్టుకున్న మధ్యవర్తే కదండీ, ఇంకా ఆలస్యమెందుకన్నారు మునసబుగారు. వాడుకుని ఇస్తానని తీసుకున్న తాటిదోనె ఈవిడకి అప్పగించెయ్యండి."

ఈవిడంటే ముత్యాలమ్మ. అమీనా వెనకే నిలబడి ఉంది. దోనె చేతిలో లేక చేపల వేట లేదు, వేట లేక ఇంట్లో పొయ్యి సరిగా వెలగడం లేదు. పాపం, ఆశంతా ఇవాళ్టి మీదే.

"దోనా? అది ఎప్పుడో పగిలితే పొయ్యిలో పెట్టేశామండీ. కావాలంటే వెతుక్కోండి!"

అమీనా వెతికాడు. పశువులశాల చూశాడు, గడ్డివాము చుట్టూ తిరిగాడు. ఎక్కడా లేదు.

"దొరకలేదని రాసుకుపోవడమేనమ్మా, నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు జాలిగా. రాజుగారు మీసం దువ్వుకున్నారు.

ముత్యాలమ్మ కళ్ళు తుడుచుకుని రేవంతా ఒకసారి కలయజూసింది.

"పోనీలెండి బాబూ, ఇంత ఎండలో వచ్చారు. కూరకి రెండు కొరమీనులైనా పట్టుకెళ్ళండి," అంటూ కోక బిగించి, రేవు పక్కన తుంగలో నడుంలోతు నీళ్ళలోకి దిగింది.

"అక్కడేముంటాయే? ఇవతలికి రా!" అన్నారు రాజుగారు.

ఆమె మునిగి లేచింది. చేతిలో మూరెడు కొరమీను! ఒడ్డుకి విసిరి మళ్ళీ మునిగింది. ఇంకోటి. మూడోది మరీ పెద్దది.

"అబ్బో, ఒక్కచోటే ఇన్నా!" అన్నాడు అమీనా నోరు తెరిచి.

రాజుగారు గట్టుమీద కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. నాలుగోది ఒడ్డున పడేసరికి ఇక ఉండబట్టలేకపోయారు.

"ముట్టుకోకే! అవి నావి! ఆ దోనె నేనక్కడ ముంచిపెట్టబట్టే కదా అన్ని చేపలూ అందులో చేరాయి!"