పలక చెప్పిన వరద

ఏటి ఒడ్డున ఉన్న మా ఊరి మ్యూజియంలో ఇప్పుడు వస్తువులన్నీ మాట్లాడతాయి. సినిమా ప్రొజెక్టరైనా, నాటు తుపాకీ అయినా, చూడవచ్చినవాళ్ల మనసు నొప్పించని చరిత్రే చెబుతుంది. అది అబద్ధమని పోరాడేది మ్యూజియం చూసుకునే హైమవతి ఒక్కతే. ఒకప్పుడు ఊరిని ముంచిన వరదను కళ్లారా చూసినవాళ్లలో తవుడు ఒక్కడే మిగిలాడు. సాక్ష్యం కోసం ఆమె అతన్ని పిలిపించింది.

వరదలో పోయిన తన చెల్లెలి పలక ముందు తవుడు నిలబడ్డాడు.

"ఆ వరదలో మేమందరం ఒడ్డుకు చేరాం," అంది పలక, చిన్నపిల్ల గొంతుతో.

"అబద్ధమని ఒక్క మాట చెప్పు తాతా, దీన్ని ఆపించేస్తాను," అంది హైమవతి.

"నా సెయ్యి జారే కదమ్మా సెల్లి కొట్టుకుపోనాది," అంటూ తవుడు ఏడ్చాడు. కాసేపటికి కళ్లు తుడుచుకున్నాడు.

"ఆపొద్దమ్మా. ఇంకోపాలి సెప్పమను."

పలక మళ్లీ చెప్పింది. తవుడు అవునవునంటూ తలూపాడు.