పొట్ట వచ్చిన రేకు

“ఈ రేకు చేసిన మనిషి నాకు కావాలి. ఇప్పుడే కావాలి!”

ఆమె రేకుల మిల్లు గేటు దాటి, ఆపినవాళ్లను తోసుకుంటూ నేరుగా రోలర్ల దగ్గరికే వచ్చేసింది. పాత దుప్పటిలో చుట్టి తెచ్చిన రేకును బల్లమీద పెట్టింది. దుప్పటి లాగేసరికి రేకు నడుమ ఉన్న ఉబ్బు డబుక్కుమని లోపలికి పోయి, మళ్లీ డబుక్కుమని పైకి లేచింది. మిల్లులో అంత రొద ఉన్నా ఆ చప్పుడు అందరికీ వినిపించింది. వినిపించకూడనివాళ్లకి కూడా వినిపించింది. అద్దాల గదిలో ఉన్న యజమాని తల తిప్పి చూశాడు.

రోలింగ్ మిషన్ ఆపరేటర్ దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. తన రేకును తాను గుర్తుపట్టలేడా? ఆ పొట్ట తన చలవే. చల్లబరిచే నీళ్ల గొట్టం మూసుకుపోయి, రోలర్ నడిమి భాగం వేడెక్కి ఉబ్బిన రోజు తయారైన సరుకది. ఉబ్బిన చోట రేకు ఎక్కువ నలిగి ఎక్కువ సాగింది, అంచులు మాత్రం సాగలేదు. సాగిన నడుము ఎక్కడికి పోతుంది పాపం, పొట్టలా పైకి లేస్తుంది. కోసిన ముక్కను బల్లమీద వదులుగా పరిచి చూడాలని మిల్లులో నియమం. అతను మిషన్‌మీద బిగించి లాగుతుండగానే చూశాడు. అప్పుడది అద్దంలా చదునుగా కనిపించి, కోసి వదిలాక తన బుద్ధి చూపించింది. తర్వాత నాలుక కరుచుకుని ఆ సరుకంతా ఏరి పక్కన పడేశాడు గానీ, ఎలాగో ఒకటి జారిపోయిందన్నమాట.

ఇంకొక్క రేకు తిరిగొస్తే, అది చేసినవాడు మర్నాటినుంచి పనిలోకి రానక్కర్లేదని యజమాని ఆ పొద్దునే అందరి ముందూ చెప్పాడు.

ఫోర్‌మన్ పరుగున వచ్చాడు. అందరూ బాబాయ్ అని పిలిచే ఈ పెద్దమనిషి నోరు తెరిస్తే రోలర్ల రొద చిన్నబోతుంది. ఆపరేటర్‌ను తిట్టందే ఆయనకు ముద్ద దిగదు.

“ఏమ్మా, ఆయాసపడుతున్నావు. కూర్చుని కాసిని మంచినీళ్లు తాగు. రేకు మార్చి కొత్తది ఇస్తాం.”

“నాకు కొత్తది వద్దండీ. ఇది మీకు ఇచ్చేదీ లేదు. మనిషిని చూపించండి.”

“మనిషెందుకమ్మా? రేకు సంగతి మాట్లాడు.”

“మనిషితోనే నాకు పని.”

ఆమె కళ్లు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. ఈ రేకు ఎవరి చెయ్యి కోసిందో, ఏ పసిబిడ్డ మీద పడిందో అనుకున్నాడు ఆపరేటర్.

ఇంతలో యజమాని రానే వచ్చాడు. “ఏమిటీ గొడవ? ఎవరిదా రేకు?”

ఫోర్‌మన్ ఆపరేటర్ వైపు కొరకొరా చూశాడు. తర్వాత యజమాని వైపు తిరిగాడు.

“నాదేనండీ. ఆ రోజు వీడు భోజనానికి వెళ్తే కాసేపు మిషన్ నేను చూశాను. చూపు సరిగా ఆనలేదు.”

ఆపరేటర్ తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు. పొద్దున లేచింది మొదలు తనను దుమ్మెత్తిపోసే మనిషి, తనకోసం ఇన్నేళ్ల ఉద్యోగానికి నీళ్లొదులుకుంటున్నాడు! సొంత బాబాయ్ అయినా ఇంత చేస్తాడా? కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మనిషి కాళ్లమీద పడిపోవాలనిపించింది. అంత మంచితనం చూశాక నోరు మూసుకుని కూర్చోవడం అతనివల్ల కాలేదు.

“బాబాయ్, నువ్వుండు. నన్ను కాపాడ్డానికి అబద్ధమాడుతున్నాడండీ. ఆ రేకు నాదే.”

“నోర్ముయ్‌రా!” అని పళ్లు కొరికాడు ఫోర్‌మన్.

“ముయ్యను బాబాయ్. అమ్మా, తప్పు నాదే. ఎవరికి ఏం దెబ్బ తగిలిందో చెప్పండి. ఏ శిక్ష వేసినా పడతాను.”

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. రెండడుగులు ముందుకేసింది. లాగి ఒకటి ఇస్తుందనుకుని ఆపరేటర్ కళ్లు మూసుకున్నాడు. ఆమె మాత్రం నూనె జిడ్డోడుతున్న అతని చెయ్యిని రెండు చేతులతో పట్టుకుని భోరున ఏడ్చింది.

“నువ్వు నూరేళ్లు చల్లగా ఉండాలన్నా!”

యజమాని, ఫోర్‌మన్ మొహమొహాలు చూసుకున్నారు.

“మా నాన్నకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది,” అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. “ఏడాదైంది. ఇక మాట రాదనే అన్నారు డాక్టర్లు. ఆయన మంచం పక్క గోడకి చెమ్మెక్కుతోందని ఈ రేకు కొట్టించాను. నిన్న సాయంత్రం చెయ్యి చాచి ఈ పొట్టమీద నొక్కాడు. డబుక్కుమంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ డబుక్కుమంది.”

“ఆ చప్పుడు ఆయన ప్రాణానికి హాయిగా ఉందేమోలే తల్లీ,” అన్నాడు ఫోర్‌మన్, గొంతు బాగా తగ్గించి.

“హాయా? ముప్పై ఏళ్లు రేకుల మిల్లులో రోలర్ నడిపిన మనిషండీ ఆయన! మొహం కందగడ్డలా అయిపోయింది. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి నోరు తెరిచాడు.” ఆమె ఏడుస్తూనే పకపకా నవ్వేసింది. “‘ఏ దద్దమ్మ చేశాడే ఈ రేకు?’ అన్నాడన్నా!”