మంచినీళ్ళు తెచ్చేలోగా

"నాన్నకు ఆ మాట చెప్పారంటే, ఇప్పటికిప్పుడు ఇంటికి తీసుకెళ్ళిపోతాను!" టైలర్ కూతురు బల్ల మీద చెయ్యి ఆనించి అంది. అసలే నిండు నెలల మనిషి, ఆయాసపడుతోంది.

"చెప్పకుండా ఆపరేషన్ ఎలా చేస్తానమ్మా?" డాక్టర్ తల పట్టుకున్నాడు. "క్యాన్సర్ ఊపిరితిత్తిలోనే పుట్టింది. ఇంకా పాకలేదు. ఇప్పుడే తీసేస్తే మీ నాన్న గట్టెక్కుతారు."

"ఆ పేరు వింటే అక్కడే కూలబడిపోతాడు. రోజంతా సూదితో బతికే మనిషే, మీ సూది చూస్తే మాత్రం కళ్ళు తిరుగుతాయి. దగ్గు ముదిరిందనండి. ఏదో గడ్డ అనండి. మీకు దండం పెడతాను."

డాక్టర్‌కు పాలుపోలేదు. చెబితే పేషెంటు వెళ్ళిపోతాడు, చెప్పకపోతే కత్తి పట్టే దారి లేదు. చదివిన చదువంతా ఈ పిల్ల కన్నీళ్ళ ముందు ఎందుకూ కొరగాలేదు. చేసేది లేక టైలర్‌ను లోపలికి పిలిపించాడు.

టైలర్ దగ్గుకుంటూ వచ్చి కూర్చుని, డాక్టర్‌ను ఎగాదిగా చూశాడు. "ఎవరు కుట్టారు సార్ ఈ చొక్కా? భుజం జారిపోయింది. నాకివ్వండి, సరిచేసి పెడతాను."

కూతురు బలవంతాన నవ్వింది. "చాల్లే నాన్నా."

"గొంతు ఆరిపోతోందమ్మా. కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టు."

ఆమె అటు వెళ్ళగానే టైలర్ లేచి తలుపు మూశాడు. ముఖంలో ఇందాకటి నవ్వు లేదు.

"సార్, మీ దగ్గర దాగదని నాకు తెలుసు. అమ్మాయికి మాత్రం చెప్పకండి. వట్టి మనిషి కాదు. పురుడయ్యేదాకా ఆగండి."

"అంటే... మీకు క్యాన్సరని మీకు తెలుసా?"

"తెలుసు సార్. వేరే ఆస్పత్రిలో చెప్పారు."

డాక్టర్‌కు గుండెల మీది బరువు దిగినట్టయింది. ఒకరికి తెలియకుండా ఒకరు మోస్తున్నారన్నమాట, పిచ్చి మనుషులు! ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెడితే సరి. ఆ ఏడుపేదో అయ్యాక ఆపరేషన్‌కు రోజు చూసుకోవచ్చు.

"తెలిసి కూడా ఎందుకూరుకున్నారండీ? ఎప్పుడు చెప్పారు?"

"పోయినేడు."

"పోయినేడా? దగ్గు మొన్నీమధ్యే మొదలైందన్నారుగా?"

టైలర్ వింతగా చూశాడు. "దగ్గుదేముంది సార్, దారాల దుమ్ము. నా క్యాన్సర్ పేగులో కదా!"