బడి అయ్యాక ఇంగ్రిడ్ వెళ్లే చోటు

"మార్కులకి వంక పెట్టడానికి లేదు. అప్లికేషన్‌లో మిగతా గడులే అన్నీ ఖాళీ," అన్నాడు బడిలో కాలేజీ సలహాలు చెప్పే హాల్వర్సన్, కంప్యూటర్ తెర తల్లీకూతుళ్ల వైపు తిప్పుతూ. "ఆటల్లేవు, పాటల్లేవు, క్లబ్బుల్లేవు. తూర్పు తీరం పెద్ద కాలేజీలు ఇలాంటి పిల్లని గడప తొక్కనివ్వవు. మన మిన్నెసోటాలోవే చూసుకుందాం."

తల్లి డార్లీన్‌కి భయం పట్టుకుంది. ఇక్కడ కూడా సీటు రాదేమో. స్కాలర్‌షిప్ లేకపోతే అసలు చదువే ఉండదేమో. పిల్ల కూడా తనలాగే బేకరీలో రొట్టెలు పొట్లాలు కడుతూ ముసలిదైపోతుందేమో.

"ఏదో ఒకటి చెప్పవే," అంది కూతురితో. "చర్చిలో పాడావు కదా."

"ఆరేళ్లప్పుడమ్మా. సగంలో ఏడ్చి దిగిపోయాను."

హాల్వర్సన్ నవ్వాడు. "సరే, బడి అయ్యాక ఎక్కడికి పోతావు?"

"వృద్ధాశ్రమానికి," అంది ఇంగ్రిడ్. "అక్కడివాళ్ల పక్కన కూర్చుంటాను."

డార్లీన్ తెల్లబోయింది. ఇన్నాళ్లూ లైబ్రరీ అనుకుంటోంది.

"ఇంత బంగారంలాంటి మాట ఇప్పుడా చెప్పేది?" హాల్వర్సన్ ముందుకు జరిగాడు. "ఇక తూర్పు కాలేజీలన్నిటికీ అప్లికేషన్లు పెడదాం. ఆశ్రమం వాళ్లతో నీ గురించి ఓ మంచి మాట చెప్పిస్తే..."

"చెప్పరు సార్. ఇక రావద్దన్నారు."

"అదేం?"

"నేను అందరి దగ్గరా కూర్చోను. కొందరి దగ్గరే. వాళ్లు తెల్లారేసరికి ఉండరు."

కిటికీకి మంచు కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది.

"ఏం చేశావే వాళ్లని?" అంది డార్లీన్, కూతురి వైపు తిరిగి.

"ఏం చేస్తానమ్మా. ఎవరికి దగ్గరపడిందో చూస్తే తెలుస్తుంది. ఒంటరిగా పోకూడదని చెయ్యి పట్టుకుంటాను, అంతే."

"ముసలివాళ్లు, పోక ఉంటారా," అన్నాడు హాల్వర్సన్ తేలిగ్గా. "ఆ చూస్తే తెలుస్తుందన్న ముక్క మాత్రం ఎక్కడా రాయకు. నీ మంచితనం గురించి నా సిఫార్సు ఉత్తరంలో నేను రాస్తాను. అది లేనిదే ఆ కాలేజీలు నీ అప్లికేషన్ ముట్టుకోవు. గడువుంది కదా, వచ్చే వారం తీరిగ్గా కూర్చుని రాస్తా."

ఇంగ్రిడ్ లేచి, తన కుర్చీ చేత్తో ఎత్తి పట్టుకుని, తల్లి వైపు చూసింది.

డార్లీన్ రెండు చేతులూ కోటు జేబుల్లో దాచేసుకుంది. దేవుడా, నేనా? ఈ పిల్ల సీటు సంగతైనా తేలకుండానే?

ఇంగ్రిడ్ తల్లిని దాటింది. బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, హాల్వర్సన్ పక్కన కుర్చీ వేసుకుని, ఆయన ఎడమ చేతిని మెల్లగా తన చేతుల్లోకి తీసుకుంది.

"ఉత్తరం ఇప్పుడే రాసేయండి సార్," అంది. "కుడి చెయ్యి ఖాళీగానే ఉందిగా."