షెడ్డులో రెండు విదేశీ బండ్లు

"తాళం చెవి ఇయ్యి నాయనా. పదింటికి నేను ఎమ్మిగనూరులో ఉండాల."

శృతి ఈ మాట అనడం ఇది నాలుగోసారి. తండ్రి నాగేంద్ర విననట్టే ఎర్ర కారు బానెట్ మీద గుడ్డతో ఒకే చోట రుద్దుతున్నాడు. అక్కడ మరకేమీ లేదు.

ఎనిమిదిన్నర దాటింది. ఎమ్మిగనూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. రెండేళ్లు కాచుకుంటే పడిన ఒకే ఒక్క ఖాళీ. సరిగ్గా శ్రావణ సోమవారమే వచ్చి పడింది. ఆదోనిలో బస్సులన్నీ ఉరుకుంద ఈరన్న దర్శనానికి కిక్కిరిసి పోతున్నాయి. ఆటోలూ అటే, అద్దె కార్లూ అటే. తమ్ముడు మోటారు సైకిలేసుకుని తుగ్గలి పోయాడు.

ఇంటి వెనక షెడ్డులో మాత్రం రెండు కార్లు తీరుబడిగా నిలబడి ఉన్నాయి. నల్లది అమెరికాది, యాభై ఏళ్ల నాటిది. ముక్కు పొడుగు, ఎనిమిది సిలిండర్లు, స్టార్ట్ చేస్తే వీధి కుక్కలన్నీ లేస్తాయి. ఎర్రది ఇటలీది. నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది, ఎక్కాలంటే పడుకోవాలి. తన పత్తి మిల్లు మీద వచ్చిందంతా పదేళ్లుగా నాగేంద్ర ఈ రెండింటికే పోశాడు. ఇంటికెవరొచ్చినా ఎమ్మిగనూరు జాతరలో ఎద్దులను చూపినట్టు చూపిస్తాడు. "బలానికి నల్లది, పరుగుకు ఎర్రది. బళ్లారి రోడ్డులో నూటనలభై పట్టినాను అన్నా!"

ఊళ్లో మాత్రం తోలేది డ్రైవరు బసన్న. మిల్లు యజమాని బజార్లో స్టీరింగ్ తిప్పుతూ కనపడితే మర్యాద కాదని నాగేంద్ర వాదన. రెండింటికీ స్టీరింగ్ ఎడమ పక్క. కుడి పక్కన నల్లద్దాలు పెట్టుకుని కూర్చునే నాగేంద్రకు దారి పొడుగునా దండాలు. ఆ బసన్న ఈ రోజు కొడుకు పుట్టువెంట్రుకలు తీయించడానికి ఉరుకుంద పోయాడు. ఫోనెత్తడం లేదు.

"పోనీ, నువ్వే నల్లదాంట్లో నన్ను దింపి రా."

"దాంట్లో పెట్రోలు లేదు పాపా. లీటరుకు నాలుగు కిలోమీటర్లు కూడా రాదు."

"బంకు మన వీధి చివరే ఉంది."

"బ్రేకులు కూడా బసన్న ఒకసారి చూడాల."

"అయితే ఎర్రది తియ్యి."

"దానికి స్పీడ్ బ్రేకర్లు తగుల్తాయి. ఈడ్నుంచి ఆడికి పదిహేడుండాయి. ఒక్కోదాని కాడ చెక్కలు పెట్టి ఎక్కించాల."

"చెక్కలు నేను పెడతా. పదిహేడు సార్లు దిగుతా."

"పట్టుచీర మాసిపోతాది పాపా."

శృతికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "నాకు లైసెన్సుంది. తాళమియ్యి, నేనే పోతా."

"ఎడమ స్టీరింగు నీకు అలవాటు లేదు."

"నువ్వు పక్కన కూసోని ఎట్లనో సెప్పు!"

నాగేంద్ర చేతిలో గుడ్డ ఆగింది. "ఈ పొద్దు మిల్లుకు లోడొస్తాది," అని మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు.

టిఫిన్ డబ్బా పట్టుకుని తల్లి వనజ షెడ్డులోకి వచ్చింది. "నాయన్ను ఊరికే సతాయించాకు పాపా. పక్కింటి ఉచ్చీరప్పన్న ట్రాక్టరు ఎమ్మిగనూరు మీదే నందవరం పోతాందంట. దాంట్లో పో."

"ట్రాక్టరా!" శృతి అరిచింది. "ఇంట్లో ఇటలీ కారు పెట్టుకోని ట్రాక్టర్లో ఇంటర్వ్యూకు పోవాల్నా? నువ్వు ఎప్పుడు సూసినా ఆయన్నే ఎనకేసుకొస్తావు!"

శృతి తండ్రివైపు తిరిగింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా కోపం తగ్గలేదు.

"నా ఉద్యోగం పోయినా నీకేం కాదు. ఆ ఇనుము మీద గీత పడితే మాత్రం ప్రాణం పోతాది. రేపట్నుంచి నన్ను పాపా అనాకు."

నాగేంద్ర గుడ్డను బానెట్ మీద పెట్టాడు. తర్వాత జేబులోంచి తాళం చెవి తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"నల్లది తియ్యి. పెట్రోలుంది. బ్రేకులూ బాగానే ఉండాయి."

"ఏమయ్యా..." అంటూ వనజ ఏదో చెప్పబోయింది. అతను వద్దన్నట్టు చెయ్యి ఊపి, కుడి పక్క తలుపు తీసుకుని కూర్చున్నాడు.

శృతి ఎడమ పక్క ఎక్కింది. ఇంజను గర్జించింది. గేరు మీద అంకెలు అరిగిపోయాయి. రెండుసార్లు బండి ఆగిపోయింది, ఒకసారి ముందుకు దూకి గోడకు బెత్తెడు దూరంలో నిలిచింది. నాగేంద్ర సీటు గట్టిగా పట్టుకున్నాడే గానీ నోరు మెదపలేదు. వనజ వెనక నిలబడి రా, రా అంటుంటే, చివరికి ఎట్లాగో బండి వీధిలో పడింది.

ఊరు దాటేసరికి తొమ్మిది. అందుకుంటామన్న ధైర్యం శృతికి వచ్చింది. మార్కెట్ యార్డు గుమాస్తా ఒకాయన కుడి పక్కకు చూసి దండం పెట్టాడు. నాగేంద్ర ఈసారి చెయ్యెత్తలేదు.

నాలుగు స్పీడ్ బ్రేకర్లు దాటాక శృతి చెయ్యి కుదురుకుంది. చెయ్యి కుదురుకోగానే కోపం తిరిగొచ్చింది.

"ఒక్క గంట నువ్వు తోలింటే ఈ పొద్దు ఇంత ఏడుపుండునా నాయనా? నన్నెందుకట్లా సతాయిస్తివి?"

నాగేంద్ర కిటికీలోంచి పత్తి చేలవైపు తల తిప్పుకున్నాడు. ఇంకో స్పీడ్ బ్రేకర్ వచ్చి పోయింది. అప్పుడు, ఇంజను చప్పుడులో వినీ వినపడనట్టు అన్నాడు.

"నాకు బండి తోలేకి రాదు పాపా."