ఓనరమ్మ చూసిన ఎక్స్‌రే

మేడ మీద గదిలో కొత్తగా దిగినావిడ ఊపిరితిత్తుల్లో మచ్చ ఉందట, ఎక్స్‌రేలో బయటపడిందట. పక్కింటావిడ చెప్పిందంటూ ఇస్త్రీ ఆమె ఈ కబురు ఓనరమ్మ చెవిన వేసింది.

ఓనరమ్మ చేతిలో చీపురు అక్కడే పడేసి మెట్లెక్కింది.

"ఏదమ్మాయ్, నీ ఫిల్ము ఇలా తే."

ఆవిడ దాచలేదు. ఓనరమ్మ దాన్ని కిటికీకి ఆనించి, బియ్యంలో రాళ్ళు వెతికినట్టు వెతికింది. ఆమెకు రాని విద్య లేదు మరి.

"ఇదిగో మచ్చ! ఇంత తెల్లగా!"

"పాతది పిన్నిగారూ. పదేళ్ళ కిందట టీబీ వచ్చింది. మందులు మింగాను, తగ్గింది. పుండు మానినా మచ్చ ఉండదా? మొన్న కఫం పరీక్షలోనూ ఏమీ లేదన్నారు. అసలు నేనీ వీధికి వచ్చిన పని..."

"నీ పనీ పాటా నాకెందుకు! నెల కిందట వీధిలోకి ఎక్స్‌రే వ్యాను వస్తే నేనూ తీయించుకున్నా. నా ఫిల్ము కడిగిన పలకలా ఉంది."

"మరి ఆ దగ్గు?"

"ఏ దగ్గు?" అంటూనే దగ్గింది ఓనరమ్మ. "ఇది దుమ్ము దగ్గు."

"వచ్చిన నాటి నుంచీ వింటున్నా, మూడు వారాలైంది. ఫిల్ముకి దొరకనిదీ ఉంటుంది. ఒక్కసారి కఫం చూపించుకోండి. మీ మనవరాలు మీ పక్కలోనే పడుకుంటుంది..."

"గురివింద గింజకి తన కింద నలుపు తెలీదని ఊరికే అన్నారా! పొద్దుగూకేలోగా గది ఖాళీ చెయ్."

ఆవిడ పెట్టె తనే మోసుకుని దిగిపోయింది.

ఓనరమ్మ మెట్లన్నీ ఫినాయిలుతో కడిగించి, పీడ వదిలిందనుకుని, మనవరాలిని ఒళ్ళోకి తీసుకుంది.

రెండు నెలలకి మనవరాలు చిక్కి సగమైంది. సాయంత్రమైతే జ్వరం. ఆస్పత్రిలో టీబీ అని తేల్చారు.

"ఆ మేడమీదిదే అంటించి పోయింది!" అంది ఓనరమ్మ కోడలితో.

డాక్టరమ్మ ఇంటిల్లిపాదికీ కఫం పరీక్ష రాసింది. కొడుకుది శుభ్రం. కోడలిది శుభ్రం. క్రిములు ఓనరమ్మ కఫంలో కనిపించాయి.

"నా ఫిల్ము బాగుంది కదమ్మా!"

"ఫిల్ము చాలామందిని పట్టుకుంటుంది మామ్మగారూ, అందర్నీ కాదు. భయం లేదు, ఇద్దరికీ నయమవుతుంది. కానీ ఆర్నెల్లు ఒక్కరోజు కూడా మందు మానకూడదు."

కోడలు కళ్ళు తుడుచుకుంది.

"ఇంటికొచ్చి దగ్గరుండి మింగించే మనుషులుంటారట కదండీ. మా వీధికి ఎవరినీ వేయలేదా?"

"ఎందుకు వేయలేదూ? టీబీ వచ్చి తగ్గినావిడే, దగ్గు వింటేనే పసిగట్టేది. మీ వీధిలోనే మేడ మీద గది తీసుకుంది. ఒంట్లో మచ్చ ఉందని ఆ ఇంటి ఓనరు నెల తిరక్కుండా వెళ్ళగొట్టిందట."